గాంధీ రోడ్డులో అంగడి ఇప్పుడొద్దమ్మా

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. నాకు 34 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం రూ.16,000. మా వారికి సొంత ట్రావెల్స్ కారు ఉంది, దాని ఈఎంఐ నెలకు రూ.14,500. పాపకు ఏడేళ్లు. మూడేళ్లుగా పాలిమర్ క్లేతో (ఓవెన్‌లో కాల్చితే గట్టిపడే ప్లాస్టిక్ ముద్ద) పూసలు చేస్తున్నాను. మా అమ్మమ్మ పెట్టెలో దొరికిన పాత ఇత్తడి బిళ్లలు, గాజు పూసలు, తెగిపోయిన రోల్డ్ గోల్డ్ గొలుసుల ముక్కలు వాటితో కలిపి దండలు కడతాను. ఇన్‌స్టాగ్రామ్‌లో, వాట్సాప్‌లో అమ్ముతాను. ఎక్కువగా బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ వాళ్లే కొంటారు. నెలకు 26 దాకా పోతాయి, ఒక్కోటి రూ.850. క్లే, తీగ, కొక్కేల ఖర్చు నాలుగు వేలు దాటదు. మిగతా 18 వేలు లాభమే కదా, జీతం కంటే ఇదే నయమనిపిస్తోంది. ఉద్యోగం మానేసి, 8 సవర్ల బంగారం కుదవ పెట్టి రూ.4 లక్షలు తెచ్చి, గాంధీ రోడ్డు దగ్గర అంగడి పెట్టాలనుకుంటున్నాను. అడ్వాన్సు రూ.2 లక్షలు, అద్దె రూ.15,000. మా వారు సరేనన్నారు. మా అత్తగారు పూసలు గుచ్చడంలో సాయం చేస్తారు గానీ, అంగడి మాట ఎత్తితే భయపడుతున్నారు. మీరేమంటారు?

జవాబు: అంగడి వద్దమ్మా. ఉద్యోగం ఇప్పుడే మానొద్దు, బంగారం కుదవకు పంపొద్దు. అడ్వాన్సు చేతులు మారాక చెబితే ప్రయోజనం ఉండదు కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. మీరు పంపిన ఫొటోలన్నీ చూశాను. ఇటుక రంగు పూసల మధ్య నల్లబడిన ఇత్తడి మామిడిపిందె బిళ్ల పెట్టిన దండ ఉంది చూడండి, అలాంటిది బజార్లో ఎక్కడా దొరకదు. అంత పనితనానికి తగిన డబ్బు మీకు రావడం లేదు. నా బాధంతా అదే.

ఆ దండ లెక్కే వేద్దాం. 57 గ్రాముల క్లే బ్లాకు రూ.300కి కొంటున్నానని రాశారు. దండకు 17 గ్రాములు పడుతుంది, అంటే రూ.90. తీగ, రింగులు, కొక్కెం కలిపి రూ.60. మీరు ఖర్చు కింద రాసుకున్నది ఇంతవరకే. అట్టపెట్టె, బబుల్ కవరుకు రూ.45 అవుతోంది. 'షిప్పింగ్ ఫ్రీ' అని పెట్టారు కాబట్టి కొరియర్ వాడికిచ్చే రూ.80 కూడా మీ చేతి నుంచే పోతోంది. ఓవెన్ కరెంటుకీ, విరిగి పారేసేవాటికీ ఓ రూ.15 వేసుకోండి. మొత్తం రూ.290.

ఇక ఆ మామిడిపిందె బిళ్ల. అమ్మమ్మ పెట్టెలోంచి వచ్చింది కదా అని దానికి సున్నా వేశారు. పాత సామగ్రితో పని చేసేవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. పెట్టె ఎంత పెద్దదైనా ఒకనాటికి ఖాళీ అవుతుంది. అప్పుడు అలాంటి బిళ్ల కావాలంటే పాత సామాన్ల వాళ్ల దగ్గర వెతకాలి, బేరమాడాలి, పదింట్లో రెండు పనికొస్తే ఎనిమిది పక్కన పెట్టాలి. కాబట్టి మళ్లీ కొనాలంటే ఎంతవుతుందో ఆ ధర ఇవాళే వేసుకోవాలి. తక్కువలో తక్కువ రూ.150 అనుకుందాం. ఇప్పుడు ఒక్కో దండ మీద మీకు మిగిలేది రూ.410. నెలకు 26 దండలకు రూ.10,660. మీరనుకున్న పద్దెనిమిది వేలు ఇది.

గంటలు కూడా లెక్కపెట్టాలి. క్లే పిసికి మెత్తబరచడం, పూసలు చుట్టడం, బెజ్జం వేయడం, కాల్చడం, నీళ్లలో గరుకు కాగితంతో రుద్దడం, గుచ్చడం. మీకు నాలుగు, మీ అత్తగారికి రెండు, దండకు ఆరు గంటలని మీరే రాశారు. ఆవిడ గంటలు ఊరికే వచ్చినవి కావు. రూ.410ని ఆరుతో భాగిస్తే గంటకు రూ.68 వస్తుంది. స్కూల్లో రోజుకు ఏడు గంటలు, నెలకు 26 రోజులు అనుకుంటే మీ జీతం గంటకు రూ.88 పడుతోంది. ఆ జీతం తక్కువని మీకూ తెలుసు, నాకూ తెలుసు. దానికంటే తక్కువ కూలికి మీరిద్దరూ రాత్రి పదకొండు దాకా కళ్లు పొడుచుకుంటున్నారు.

ఇప్పుడు అంగడి లెక్కకు వద్దాం. అద్దె రూ.15,000, కరెంటు రూ.1,500. బంగారం మీద తెచ్చిన నాలుగు లక్షలకు ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకున్నా నెలకు రూ.3,300 పైనే. అంటే బోణీ కాకముందే రూ.19,800 ఖర్చు. కొరియర్ ఉండదు కాబట్టి దండకు రూ.490 మిగులుతుంది. ఆ లెక్కన 41 దండలు అమ్మితే అద్దె, వడ్డీ గట్టెక్కుతాయి. వదులుకున్న జీతం కూడా రావాలంటే ఇంకో 33. మొత్తం 74 దండలు, 444 గంటల పని. రోజుకు ఎనిమిది గంటలు కదలకుండా కూర్చున్నా ఒక మనిషికి నెలకు 208 గంటలే ఉంటాయి. మీరు కౌంటర్ దగ్గర కూడా కూర్చోవాలి కదా!

అప్పుడేం జరుగుతుందో చెబుతాను. అరలు ఖాళీగా కనబడకూడదని చెన్నై షావుకారుపేటకు వెళ్లి రెడీమేడ్ వన్ గ్రామ్ సెట్లు, మెషీన్ పూసల దండలు డజన్ల లెక్కన తెస్తారు. ఆరు నెలల్లో మీది గోవిందరాజస్వామి గుడి చుట్టూ ఉన్న ఫ్యాన్సీ అంగళ్లలో ఇంకో అంగడి అవుతుంది. వాళ్లు తరతరాలుగా ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లు, టోకు ధరలు వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియవు. మీ ఓవెన్ మాత్రం మూలన పడుతుంది.

ఆ రోడ్డులో నడిచేది ఎవరు? దర్శనం చేసుకుని రైలు టైముకు ముందు పిల్లలకు గాజులు, ఇంటికి స్వామివారి పటం, చేతికి నల్లదారం కొనే యాత్రికులు. యాభైకీ వందకీ బేరమాడతారు, ఆడాలి కూడా, దూరం నుంచి లెక్క చూసుకుని వచ్చినవాళ్లు. పాత బిళ్ల విలువ తెలిసి రూ.1,200 అయినా ఇచ్చే మనిషి మీకు ఫోన్‌లో దొరుకుతోంది. ఆమె బెంగళూరులో ఆఫీసుకు కాటన్ చీర కట్టుకుని వెళ్తుంది. ఆమె కోసం గాంధీ రోడ్డులో అద్దె కట్టనక్కర్లేదు.

బంగారం సంగతి ఇంకా ముఖ్యం. మీ ఇంట్లో కచ్చితంగా నెల తిరిగేసరికి వచ్చే డబ్బు మీ జీతం ఒక్కటే. ట్రావెల్స్ కారుకు రద్దీ రోజులుంటాయి, ఖాళీ రోజులుంటాయి, ఈఎంఐకి మాత్రం సెలవు లేదు. కారు ఇంజన్ పని అడిగిన రోజునా, పాపకు జ్వరం వచ్చి ఆసుపత్రిలో చేర్చిన రోజునా మీకు ఆసరా ఆ ఎనిమిది సవర్లే. దాన్ని అద్దె అడ్వాన్సుగా మార్చేస్తే ఆసరా లేదు, పైగా వడ్డీ. చాలా గోల్డ్ లోన్లలో ఏడాది తిరిగేసరికి అసలూ వడ్డీ కలిపి ఒకేసారి కట్టాలి, లేదంటే వేలం నోటీసు వస్తుంది. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు, మూఢం వస్తే ఉండవు, నగల అమ్మకం పడిపోతుంది. నోటీసుకు అదంతా పట్టదు.

మరేం చేయాలంటే, ముందు ధర పెంచండి. పాత వస్తువు పెట్టిన దండ రూ.1,200, కొరియర్ కొన్నవాళ్లదే. ఆర్డర్లు తగ్గుతాయని భయం వేస్తుంది, తగ్గనివ్వండి. 26 కాస్తా 18 అయినా దండకు రూ.840 చొప్పున రూ.15,120 మిగులుతుంది. పని 156 గంటల నుంచి 108కి దిగుతుంది. గంటకు రూ.140. రాత్రి తొమ్మిదికి పని కట్టేసి పాప పక్కన పడుకోవచ్చు.

రెండోది, నాకు ఎక్కువ ఆశ ఉన్నది దీని మీదే. కొనేవాళ్ల ఇళ్లలో కూడా పెట్టెలున్నాయి. తెగిన ముత్యాల గొలుసు, జత పోయిన కమ్మ, నాయనమ్మ రవికె బొత్తాలు. పారేయలేరు, పెట్టుకోలేరు. 'మీ ఇంటి పాత వస్తువు పంపండి, కొత్త దండ చేసి ఇస్తాను' అని పెట్టండి. కూలి రూ.1,500 నుంచి మొదలుపెట్టండి, సగం ముందే తీసుకోండి. మీ పెట్టె తరగదు, ఊరికే తయారుచేసి పెట్టుకున్న సరుకూ మిగలదు. ఒక్క నియమం మాత్రం తప్పొద్దు. వచ్చిన వస్తువును వాళ్ల ముందే, లేదా వీడియో కాల్‌లో తూకం వేసి, ఫొటో తీసి, వాట్సాప్‌లో రసీదు పంపాలి. అసలు బంగారం, వెండి అయితే తీసుకోవద్దు. పాత ప్లాస్టిక్ బొత్తాలు, పూత ముత్యాలు ఓవెన్ వేడికి పాడవుతాయి. క్లే విడిగా కాల్చి చల్లారాకే వాటిని కలపండి. వాళ్ల నాయనమ్మ వస్తువు కరిగిపోతే ఏ డబ్బూ దాన్ని తిరిగి తేలేదు.

అంగడి కంటే ముందు కొనాల్సింది ఓవెన్ లోపల పెట్టే చిన్న థర్మామీటరు. మీ దండల్లో కొన్ని విరిగి వాపసు వస్తున్నాయని రాశారు. క్లే చాలా రకాలకు 110 నుంచి 135 డిగ్రీల మధ్య వేడి కావాలి, ప్యాకెట్ మీద రాసి ఉంటుంది. చిన్న ఓవెన్ల ముల్లు చూపే వేడికీ లోపలి వేడికీ తేడా ఉంటుంది. తక్కువ కాలితే పూస బెజ్జం దగ్గర పెళుసుగా విరుగుతుంది, మాడితే ముక్కు మండే పొగ వస్తుంది. అది పీవీసీతో చేసిన పదార్థం, కాబట్టి పాపకు కేకు చేసే ఓవెన్‌లో వద్దు. వాపసు వచ్చిన ప్రతి దండా మీకు రెండు కొరియర్ల ఖర్చు, ఒక కస్టమర్ నష్టం. అలాగే తగ్గింపు ఉందని ఏప్రిల్, మే నెలల్లో క్లే టోకున తెప్పించకండి. మన ఎండకు పార్సిల్‌లోనే సగం గట్టిపడుతుంది, పిసికినా పొడిపొడిగా రాలుతుంది.

పాత సామగ్రి విషయంలో రెండు జాగ్రత్తలు. పట్టుచీర అంచు కత్తిరించి వాడుతున్నారు. కత్తెర పెట్టేముందు అది అసలు వెండి జరీయేమో పాత పట్టుచీరలు కొనేవాళ్ల దగ్గర చూపించండి, రూ.850 దండలోకి వెళ్లకూడని చీరలు కొన్ని ఉంటాయి. రెండోది, ఒక ఫొటోలో నాణేనికి బెజ్జం వేసిన లాకెట్టు కనిపించింది. నాణేలను పాడుచేయడం 2011 నాణేల చట్టం ప్రకారం తప్పు. వందేళ్లు దాటిన నాణేలైతే 1972 పురావస్తు చట్టం కిందకు వస్తాయి. వాటి వ్యాపారానికి లైసెన్సు కావాలి, విదేశాలకు పంపకూడదు. ఇత్తడి కాసు నమూనాలు వాడుకోండి.

పన్నుల గురించి టెన్షన్ వద్దు. జీతం, ఈ రాబడి కలిపినా కొత్త పన్ను విధానంలో పన్ను పడని రూ.4 లక్షల లోపే ఉన్నారు. అయినా రిటర్ను వేయండి, రేపు బ్యాంకు అడిగేది అదే. చిన్న వ్యాపారులకు అంచనా లాభం మీద రిటర్ను వేసే పద్ధతి ఉంది (1961 చట్టంలో 44ఏడీ), అందులో యూపీఐలో వచ్చిన అమ్మకాల్లో కనీసం 6 శాతం లాభంగా చూపాలి. మన రాష్ట్రంలో సరుకు అమ్మేవాళ్లకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ పరిమితి ఏడాదికి రూ.40 లక్షలు, మీ అమ్మకాలు రూ.2.65 లక్షలు. కాకపోతే మీరు పక్క రాష్ట్రాలకు పంపుతున్నారు, దానికి మామూలుగా పరిమితితో పని లేకుండా రిజిస్ట్రేషన్ అడుగుతారు. చేతివృత్తుల సరుకు కొన్నిటికి సడలింపు ఉంది. మీ బిల్లులు తీసుకెళ్లి ఆడిటర్‌కు చూపించి, మీ సరుకు అందులోకి వస్తుందో లేదో రాతపూర్వకంగా తీసుకోండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాల ప్రభుత్వ నమోదు) ఆధార్‌తో ఉచితంగా అవుతుంది, దానికి ఎవరికీ డబ్బు ఇవ్వకండి. చేతివృత్తుల వాళ్లకు సాయం చేసే పీఎం విశ్వకర్మ పథకం 18 వృత్తులకే, క్లే నగలు అందులో లేవు.

అమ్మకాల డబ్బుకు వేరే ఖాతా తెరవండి. ప్రతి దండ మీద రూ.150 పాత సామగ్రి కొనడానికి, నెలకు మూడు వేలు పనిముట్లకు అందులోనే ఉంచండి. శిల్పారామంలోనో, మహిళా యూనివర్సిటీలోనో ఎగ్జిబిషన్ పడితే రెండు రోజులు స్టాల్ తీసుకుని, ఎదురుగా మనిషి ఉన్నప్పుడు ఏ ధరకు కొంటున్నారో చూడండి. అప్పు తప్పదనుకుంటే చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే ముద్ర పథకంలో శిశు విభాగం కింద రూ.50,000 దాకా తాకట్టు లేకుండా ఇస్తారు, మీ పనికి అంతకు మించి అక్కర్లేదు. ఆషాఢం కూడా కలిసేలా వరసగా ఆరు నెలలు, ఖర్చులన్నీ పోను రూ.16,000 మిగిలితే అప్పుడు స్కూల్లో ఒక పూట పని అడగండి. పూర్తిగా మానడం ఆ తర్వాతి మాట.

ఒకటి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. మీ వారు రోజంతా రోడ్డు మీద ఉంటారు, ఆయన పేరు మీద ఏ బీమా ఉందో మీ ఉత్తరంలో లేదు. ఈ వారమే ఆయన బ్యాంకుకు వెళ్లి ఏడాదికి రూ.20 కట్టే ప్రమాద బీమా, 50 ఏళ్ల లోపు అయితే రూ.436 కట్టే జీవన్ జ్యోతి జీవిత బీమా తీసుకోమనండి. ఒక్కోదానికి రూ.2 లక్షల రక్షణ ఉంటుంది. అది చాలదు, కారు లోన్ తీరి పాప చదువు అయ్యేదాకా సరిపడే టర్మ్ పాలసీ కూడా కావాలి. ఆయన వయసు, కారు లోన్ ఎంత మిగిలిందో రాసి పంపండి, ఎంతకు తీసుకోవాలో లెక్క వేసి ఇస్తాను.