పొలంలో సెన్సర్ చూపిన లెక్క పంట బీమా క్లెయిమ్‌కు చెల్లదా?

ప్రశ్న: లాయర్ గారూ, మాది నంద్యాల జిల్లా. రబీలో ఆరెకరాల్లో శనగ వేసి ఫసల్ బీమా ప్రీమియం కట్టాను. కోసి పొలంలో ఆరబెట్టిన నాలుగో రోజు వాన కొట్టింది, పంట నల్లబడింది, కొంత మొలకెత్తింది. మర్నాడే ఫోన్ చేసి చెప్పాను. బీమా కంపెనీ తరఫున నష్టం అంచనా వేసే అసెసర్ వచ్చి చూసి 20 శాతం నష్టమని రాసుకున్నారు. నా పొలంలో వాన కొలిచే మీటరు, తేమ సెన్సర్ ఉన్నాయి. వానకు ముందూ తర్వాతా డ్రోన్ ఫొటోలు కూడా తీయించాను, వాటి లెక్కన సగానికి పైగా పోయింది. కంపెనీవాళ్లేమో మీ యాప్ లెక్కలు మాకు చెల్లవు అంటున్నారు. నిజమేనా?

జవాబు: చెల్లవు అనడం తప్పు. అలాగని మీ యాప్‌లో ఎంత కనబడితే అంత ఇచ్చెయ్యాలి అనుకోవడమూ తప్పే. అమెరికాలో హార్వెస్టర్ మీటరు చూపిన దిగుబడి లెక్కను కొన్ని షరతులతో బీమాకు ఒప్పుకుంటారు, ఆ వీడియోలు చూసి చాలామంది ఇక్కడా అంతే అనుకుంటున్నారు. మన పథకంలో సాధారణ దిగుబడి నష్టాన్ని గ్రామం లేదా మండలం మొత్తానికి పంట కోత ప్రయోగాలు (కొన్ని పొలాల్లో కొంత మేర కోసి తూచడం) చేసి తేలుస్తారు, అక్కడ మీ ఒక్కరి సెన్సర్ ఏం చెప్పినా ఉపయోగం ఉండదు. మీ కేసు అది కాదు, అదే మీకు కలిసొచ్చింది. కోసి పొలంలో ఆరబెట్టిన పంట 14 రోజుల్లోపు అకాల వర్షానికి పాడైతే విడిగా మీ పొలాన్నే చూడాలి, 72 గంటల్లో చెప్పాలన్న షరతు కూడా మీరు పాటించారు. ఆ ఫోన్ చేసినప్పుడు మీ ఫిర్యాదుకు ఇచ్చిన నంబరు ఎక్కడ రాసుకున్నారో వెతకండి, మీ డ్రోన్ ఫొటోలన్నిటికంటే దాని విలువ ఎక్కువ. ఒకటి మాత్రం కనుక్కోండి, మీ బీమా యూనిట్‌లో, అంటే మీ గ్రామం లేదా మండలంలో, ఆ పంట విస్తీర్ణంలో 25 శాతం దాటి దెబ్బతిని ఉంటే ఒక్కొక్కరి పొలం కాకుండా శాంపిల్ సర్వే చేసి అందరికీ ఒకే శాతం వేస్తారు.

ఇక అసలు తిరకాసు. మీ వాన మీటరు ఫలానా గంటలో ఎన్ని మిల్లీమీటర్లు పడిందో చెబుతుంది గానీ ఎన్ని క్వింటాళ్లు పోయాయో చెప్పదు కదా. గింజ నల్లబడి రేటు తగ్గిందంటే అది ధర నష్టం, ఈ బీమా ఇచ్చేది దిగుబడి నష్టానికి. కాబట్టి నూర్పిడి చేశాక వచ్చిన కాటా చీటీలు, మొలకెత్తి పారబోసింది ఎంతో తెలిపే ఫొటోలు ఉంటేనే మీ సగం లెక్క నిలబడుతుంది. ఇంకోటి, డ్రోన్ ఫొటోలో గీసిన హద్దు, ప్రభుత్వ పంట నమోదు ఈ-క్రాప్‌లో ఎక్కిన సర్వే నంబరు, పాలసీలో ఉన్న విస్తీర్ణం మూడూ ఒకటేనా? ఆరెకరాల్లో కౌలు భూమి ఉండి అది మీ పేరున ఎక్కకపోతే ఆ ముక్కకు ఎంత మంచి డేటా ఉన్నా వృథా.

సాక్ష్యంగా పెట్టాలంటే 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలోని 63వ సెక్షన్ చూడాలి. ఫోన్‌లోనో సర్వర్‌లోనో ఉన్నదాన్ని ప్రింటు తీసో, పెన్ డ్రైవ్‌లో వేసో ఇస్తే దానికి సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఒక భాగం మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి, ఫైల్ హాష్ విలువ (ఫైల్ మారలేదని చూపే, వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. వినియోగదారుల కమిషన్‌లో సాక్ష్య చట్టాన్ని అంత గట్టిగా పట్టుకోరు, అయినా అవతలి లాయరు మొదట అడిగేది దాన్నే. సెన్సర్ అమ్మిన కంపెనీ సర్వర్‌లో మీ డేటా ఉంటే సర్టిఫికెట్ వాళ్ల దగ్గర్నుంచి ఇప్పుడే రాయించుకోండి, సబ్‌స్క్రిప్షన్ అయిపోయాక ఎవరూ పలకరు. ఫొటోలు వాట్సాప్‌లో మామూలుగా పంపితే తేదీ, లొకేషన్ వివరాలు పోతాయి, ఒరిజినల్ ఫైల్ ఉంచుకోండి, బాగా కనబడాలని రంగులు మాత్రం దిద్దకండి.

ముందు అసెసర్ రిపోర్టు కాపీ అడగండి, రాతపూర్వకంగా. ఆ తనిఖీలో వ్యవసాయ శాఖ అధికారి, మీరు కూడా ఉండాలన్నది నిబంధన, ఆ అధికారి రాకపోతే అదే మీకు మంచి పాయింటు. తనిఖీ ఫారం మీద మీరు సంతకం పెట్టి ఉంటే, అప్పటికి 20 శాతం అని రాసి ఉందా, ఖాళీ ఫారమా? ఖాళీ ఫారమైతే ఆ సంగతి మొదటి ఉత్తరంలోనే రాయాలి, ఆర్నెల్ల తర్వాత చెబితే ఎవరూ నమ్మరు. పంట బీమా హెల్ప్‌లైన్ 14447కు ఫిర్యాదు చేయండి, కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా ఫిర్యాదుల కమిటీకీ అర్జీ పెట్టండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, గడువు రెండేళ్లు, మీరు కట్టినంత చిన్న ప్రీమియానికి అక్కడ ఫీజు ఉండదు, మీ జిల్లాలోనే వేయొచ్చు. కమిటీలో నడుస్తోంది కదా అని రెండేళ్లూ కూర్చోవద్దు.

ఇవన్నీ రేపు ఎల్లుండి చేసినా ఫర్వాలేదు గానీ, ఆ డ్రోన్ తిప్పిన అబ్బాయికి మాత్రం ఇప్పుడే ఫోన్ చేసి మెమరీ కార్డు చెరపొద్దని చెప్పండి, రేపు ఇంకో పొలానికి వెళితే మీ ఫొటోలు చెరిపి అదే కార్డులో కొత్తవి తీసేస్తాడు.