దుబాయ్ స్కూలు ఉద్యోగం: సంతకానికి ముందు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. దుబాయ్‌లో సీబీఎస్ఈ స్కూలు నుంచి నీకు లెక్కల టీచర్ ఆఫర్ వచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. నువ్వు వెళ్లాలనే నా కోరిక. ఇక్కడి ప్రైవేటు స్కూళ్లు నీ కష్టానికి తగ్గ జీతం ఎప్పటికీ ఇవ్వవు. అయితే ఐదు వేల దిర్హాములను రూపాయల్లోకి మార్చుకుని మురిసిపోకు. ముందు కాగితం చదువు.

బేసిక్ ఎంత రాశారో చూడు. ఉద్యోగం వదిలి వచ్చేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీని బేసిక్ మీదే లెక్కకడతారు. మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్, ఆపైన ఏడాదికి 30 రోజులది. బేసిక్ 4,000 అయితే ఏడాదికి 2,800 దిర్హాములు వస్తాయి. అదే బేసిక్ 2,000, మిగతాది అలవెన్సులు అని రాస్తే 1,400 మాత్రమే. నెలనెలా చేతికొచ్చేది ఒకటే కాబట్టి చాలామంది ఈ తేడా పట్టించుకోరు. బేసిక్ పెంచమని అడుగు, మొహమాటపడకు. జూలై, ఆగస్టు సెలవులకు జీతం ఇస్తారా, ఊరికి టికెట్ ఎవరు కొంటారు, పాప ఫీజులో ఎంత తగ్గిస్తారు, ఇవన్నీ రాతలో ఉండాలి. ఫోన్లో చెప్పిన మాట అక్కడ చెల్లదు.

ఇల్లు స్కూలు ఇవ్వకపోతే జీతంలో పెద్ద భాగం అద్దెకే పోతుంది. పైగా ఏడాది అద్దెకు ముందే చెక్కులు రాసివ్వాలి. అద్దె తక్కువని చాలామంది షార్జాలో ఉండి దుబాయ్ వెళ్లొస్తారు. మేం షార్జాలో ఉన్న రోజుల్లో చూశాను, పొద్దున ఆ రోడ్డు మీద ట్రాఫిక్ మనిషిని స్కూలు చేరకముందే నీరసపెడుతుంది. అందుకే చేతికి కాస్త తక్కువొచ్చినా స్కూలే ఇల్లిచ్చే ఆఫర్‌కే నా ఓటు.

సర్టిఫికెట్ల పని ఇవాళే మొదలుపెట్టు. డిగ్రీ, బీఎడ్ పట్టాల మీద రాష్ట్ర స్థాయిలో, తర్వాత మన విదేశాంగ శాఖలో, ఆపైన యూఏఈ ఎంబసీలో ముద్రలు పడాలి. మనవాళ్లకు చిక్కొచ్చేది పేరు దగ్గర. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా, డిగ్రీలో పూర్తిగా, పాస్‌పోర్టులో అత్తవారి ఇంటిపేరుతో ఉంటుంది. నీవన్నీ బల్ల మీద పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం సరిచూడు.

ఏజెంటు ఉంటే అతని లైసెన్సు మన విదేశాంగ శాఖ వారి ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో వెతుకు. మన ప్రభుత్వ నిబంధన ప్రకారం 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించి తీసుకోకూడదు. విజిట్ వీసా మీద వచ్చి పాఠాలు మొదలుపెట్టమంటే ఒప్పుకోకు. వర్క్ పర్మిట్ లేకుండా పనిచేయడం అక్కడ నేరం, ఇబ్బంది పడేది నువ్వే. పాస్‌పోర్టు కూడా స్కూలు చేతిలో పెట్టకు, దాన్ని ఉంచుకునే హక్కు వాళ్లకు లేదు.

ఆ స్కూలు ఎలాంటిదో, దుబాయ్ ప్రైవేటు స్కూళ్లను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ కేహెచ్‌డీఏ వెబ్‌సైట్‌లో తనిఖీ రిపోర్టు ఉంటే చదువు. వీలైతే అక్కడ పనిచేసి మానేసిన టీచరుతో మాట్లాడు.

ప్రొబేషన్ ఆరు నెలల దాకా ఉండొచ్చు. అది గడిచాకే అల్లుడూ పాపా వస్తే మేలు. వీసా కాగితం నీ చేతికి వచ్చేదాకా ఇక్కడ రాజీనామా ఇవ్వొద్దు. ఆఫర్ లెటర్ ప్రతి పేజీ ఫొటో తీసి ఈ రాత్రికే నాకు వాట్సాప్ చెయ్యి, సంతకం ఆ తర్వాత పెడుదువుగాని.

మీ పెద్దమ్మ