వి.వి.పురం తిండి బీదిలో మేము ఎక్కడ, ఏం తింటాం

పెద్దవాళ్లతో కలిసి శనివారం సాయంత్రం బెంగళూరు వి.వి.పురం ఫుడ్ స్ట్రీట్‌కు, అంటే కన్నడంలో తిండి బీదికి, వస్తున్నామని, ఇక్కడివాళ్లు ఏ అంగట్లో ఏం తింటారో చెప్పమని మీరు అడిగారు. మాది మదనపల్లె. బసవనగుడిలో స్థిరపడి పదహారేళ్లయింది, నెలకు ఒకటి రెండుసార్లయినా ఇంటిల్లిపాదీ ఆ వీధికి నడిచి వెళ్తాం కనుక మా అలవాటునే రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. వీలుంటే శనాదివారాలు కాకుండా మామూలు రోజున రండి. కుదరకపోతే ఆరున్నరకల్లా చేరుకోండి. ఎనిమిది దాటితే అంగడి ముందు నిలబడే చోటు కూడా దొరకదు, కూర్చునే ఏర్పాటు దాదాపు ఎక్కడా లేదు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు అది కష్టమవుతుంది. కారు తేకండి. నేషనల్ కాలేజి మెట్రో స్టేషన్‌లో దిగి ఆటోలో వస్తే సుఖంగా ఉంటుంది. ఇక్కడ దొరికేది శాకాహారమే. కన్నడం రాదని సంకోచించనక్కర్లేదు, చాలా అంగళ్లలో తెలుగులో అడిగితే తెలుగులోనే జవాబు చెబుతారు.

మేము ఎప్పుడూ సజ్జన్‌రావు సర్కిల్ వైపునున్న వి.బి. బేకరీతో మొదలుపెడతాం. 1953 నుంచి ఉన్న బేకరీ అది. అక్కడ కాంగ్రెస్ బన్ అడగండి. వేయించి, పొట్టు తీసి, బద్దలుగా చేసి, కారమూ మిరియాలూ కరివేపాకూ పట్టించిన వేరుశనగ పప్పును ఈ ఊళ్లో కాంగ్రెస్ అంటారు; వెన్న రాసిన మెత్తని బన్నులో దాన్ని పెట్టి ఇస్తారు. నలుగురికి రెండు చాలు, ఎందుకంటే అసలు తినవలసినవి ఇంకా ముందున్నాయి.

వాటిలో మొదటిది ఓలిగ. మీ వైపు బొబ్బట్టు అంటారేమో, ఇక్కడ హోళిగె, ఒబ్బట్టు అంటారు. ముందే కాల్చి దొంతి పెట్టిన చోట కొనకండి, పెనం దగ్గర నిలబడి చేయించుకోండి. నూనెలో నానిన పైపిండిని కొంచెం అరచేతిలో పరిచి, నిమ్మకాయంత పూర్ణం పెట్టి మూసి, నూనె రాసిన కాగితం మీద వేళ్లతో గుండ్రంగా తడుతూ పోతే, పైపొర ఎంత పలచబడుతుందంటే లోపలి పూర్ణం రంగు కనిపిస్తుంది. ఆ కాగితాన్ని అలాగే పెనం మీద బోర్లించి మెల్లగా ఒలిచేస్తారు. తిప్పినప్పుడు నెయ్యి వేయమని అడగండి. పప్పు ఓలిగ, కొబ్బరి ఓలిగ రెండూ ఉంటాయి. మా అమ్మకు కొబ్బరిది ఇష్టం, నా ఓటు పప్పుదానికే. ఇంటికి కట్టించుకుంటే వెళ్లగానే పొట్లం విప్పి ఆరబెట్టండి, లేకపోతే ఆవిరికి తడిసి ఒకదానికొకటి అంటుకుంటాయి.

ఆ తర్వాత పడ్డు, అంటే మన గుంతపొంగణాలు, పల్చగా తట్టిన అక్కిరొట్టె, అంటే బియ్యప్పిండి రొట్టె, తినండి. పళ్లెంలా వెడల్పుగా ఉండే తట్టె ఇడ్లీ పెద్దవాళ్లకు మెత్తగా, తేలికగా ఉంటుంది. బజ్జీల విషయంలో మాత్రం జాగ్రత్త. ఒకసారి రద్దీలో తొందరపడి, నల్లబడిన నూనెలో వేయించిన మిరపకాయ బజ్జీలు తిని మా అమ్మాయి రెండు రోజులు కడుపునొప్పితో బాధపడింది. అప్పటినుంచి బాణలిలోకి చూడకుండా నేను ఏదీ కొనడం లేదు. చాట్లు, నూడుల్స్ కూడా ఉన్నాయి గానీ వాటికోసం ఇంత దూరం రానక్కర్లేదు. చివర గుల్కందు, అంటే గులాబీ రేకుల పాకం, వేసిన ఐస్‌క్రీమ్ పిల్లలకు నచ్చుతుంది.

మీ ప్రయాణం వాయిదా వేసుకోగలిగితే డిసెంబరు చివర గాని, జనవరిలో గాని రమ్మంటాను, అది అనపకాయల కాలం (సొరకాయ కాదు, చిక్కుడు జాతి కాయ). చలికి, మంచుకు కాయ మీద జిగురు పట్టి ఒక ఘాటైన వాసన వస్తుంది, దాన్ని ఇక్కడ సొగడు అంటారు. ఆ వాసన చేతికి అంటితేనే కాయ మంచిదని కొంటారు. గింజలను నానబెట్టి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే పొట్టులోంచి పచ్చని పప్పు జారి పడుతుంది. మన పితికిపప్పు అదే, ఇక్కడి హితికిద బేళె అదే. ఆ పప్పుతో పులుసు, అక్కిరొట్టె, దోసె, ఉప్మా, కారం కలిపి వేయించిన మిక్చరు అన్నీ చేస్తారు. ఈ వీధిలోని వాసవి కాండిమెంట్స్ వాళ్లు మొదలుపెట్టిన అవరెబేళె మేళా, అంటే అనపపప్పు వంటల సంత, జనం పెరిగిపోవడంతో ఇప్పుడు నేషనల్ కాలేజి మైదానంలో జరుగుతోంది. మేళాకు వస్తే ముందుగా పితికిపప్పు పులుసుతో వేడి అక్కిరొట్టె తినండి; పక్కనే పొట్టు తీసిన పప్పు కిలోల లెక్కన అమ్ముతారు, ఒక కిలో కొని అదే రోజు వండుకోండి, మర్నాటికి ఆ వాసన తగ్గిపోతుంది.