ఇంటి ముందు సైడ్‌వాక్ లేస్తే ఖర్చు ఎవరిది?

కాలిఫోర్నియాలో ఇల్లు కొన్న కొత్తలోనే, చెట్టు వేళ్ల వల్ల సైడ్‌వాక్ (ఇంటి ముందు ఫుట్‌పాత్) పైకి లేచింది, బాగుచేయించండి అని నగరం నోటీసు పంపిందని ఒకరు రాశారు. స్థలం నగరానిది, నడిచేది ఊరంతా, డబ్బు మాత్రం నాదా అని అడిగారు. మాకూ ఇక్కడ అలాంటి నోటీసే వచ్చింది, ఆ కోపమూ వచ్చింది. కానీ చట్టం మన వైపు లేదండి.

రాష్ట్ర వీధులు, రహదారుల చట్టంలోని 5610వ సెక్షన్ ప్రకారం ఇంటిని ఆనుకుని ఉన్న సైడ్‌వాక్ బాగోగులు ఇంటి యజమానివే. నోటీసు అందాక రెండు వారాల్లో పని మొదలుపెట్టకపోతే నగరమే చేయించి, ఆ ఖర్చును మీ ఆస్తి మీద బాకీగా వేయవచ్చు. హైదరాబాదులో ఫుట్‌పాత్ మీదికి ర్యాంపు కట్టుకున్నా అడిగే దిక్కుండదు, ఇక్కడ మనది కాని జాగాకు కూడా మనమే జవాబుదారీ.

అయితే బాగుచేయించడం వేరు, ఎవరైనా తట్టుకుని పడితే పరిహారం చెల్లించడం వేరు. ఈ రెండింటినీ కలిపేసుకుని బెంబేలెత్తేవాళ్లే ఎక్కువ. 5610 ఒక్కదాన్ని పట్టుకుని పాదచారులు ఇంటి యజమాని మీద దావా గెలవలేరని 1989లోనే అప్పీలు కోర్టు తేల్చింది. కానీ పడినవాళ్లకు యజమానే బాధ్యుడని నగరం సొంతంగా చట్టం చేసుకుంటే లెక్క మారుతుంది. కాలిఫోర్నియాలోని శాన్ హోసే నగరం అలాగే చేసింది, ఆ చట్టం చెల్లుతుందని 2004లో కోర్టు చెప్పింది. న్యూయార్క్ నగరం కూడా 2003 నుంచి ఈ భారాన్ని యజమానుల మీదే వేసింది, కాకపోతే యజమాని తానే కాపురముంటున్న, మూడు కుటుంబాలకు మించని ఇళ్లను మినహాయించింది. కాబట్టి ముందు మీ నగరం నిబంధనావళి తెరిచి చూడండి, తర్వాత ఇంటి బీమా ఏజెంటుకు ఫోను చేయండి.

ఇక పని సంగతి. మా ముందున్నది లిక్విడాంబర్ చెట్టు. ఆకురాలు కాలంలో ఎర్రగా ఎంత ముచ్చటగా ఉంటుందో, దాని వేళ్లు అంత మొండివి. సైడ్‌వాక్ కాంక్రీటు పలక పగలగొట్టి తీస్తే మణికట్టంత లావు వేరు, పైనున్న కాంక్రీటు బరువుకు అట్టులా చదునై, దాని కిందే సాగిపోయి ఉంది. కాంట్రాక్టరు అప్పటికే రంపం అందుకున్నాడు. ఆగమన్నాను. పెద్ద వేరు కోయాలంటే నగరం అనుమతి కావాలి, ఒకవైపు పట్టు పోయిన చెట్టు గాలివానకు ఇంటి మీదికే ఒరగవచ్చు. నగరం చెట్ల నిపుణుడు వచ్చి చూశాకే ఆ వేరు జోలికి వెళ్లాం.

పలక కొంచెమే లేచి ఉంటే మొత్తం మార్చనక్కర్లేదు, అంచు గ్రైండింగ్ చేసి ఏటవాలుగా అరగదీస్తే సరిపోతుందేమో నగరం ఇన్‌స్పెక్టరును ముందే అడగండి. ఈ మాట కాంట్రాక్టర్లు తమంతట తాము చెప్పరు. మాకు ఒక పలక అలాగే గట్టెక్కింది, ఖర్చు బాగా తగ్గింది. పక్కింటివారికీ నోటీసు రావడంతో ఇద్దరం ఒకే మనిషికి పని అప్పగించాం, కాంక్రీటు లారీ ఖర్చు చెరి సగం పంచుకున్నాం. నగరం నుంచి రిబేటు ఏమైనా ఉందేమో కూడా కనుక్కోండి, లాస్ ఏంజిలెస్ 2016లో అలాంటి పథకం పెట్టింది.

పర్మిట్ లేకుండా కాంక్రీటు పోయించకండి. పోసే ముందు, కాంక్రీటు నిలవడానికి చుట్టూ బిగించిన చెక్కల కొలతలు చూడటానికి ఇన్‌స్పెక్టరు వస్తారు, నచ్చకపోతే సరిచేయిస్తారు. ఆయన చివర్లో సంతకం చేసిన కాగితాన్ని ఇంటి పత్రాలతో పాటు దాచుకోండి, రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్లు అడుగుతారు.