జపాన్‌లో ఉంటున్నాను, హెచ్. పైలోరీ ఉందన్నారు... ఇక్కడి రకం ప్రమాదకరమైనదా?

ప్రశ్న: నా వయసు 36. మాది గుంటూరు జిల్లా. 6 ఏళ్లుగా ఉద్యోగరీత్యా జపాన్‌లోని యొకొహామాలో ఉంటున్నాం. కంపెనీ చేయించిన వార్షిక ఆరోగ్య పరీక్షల్లో నాకు కడుపులో హెలికోబ్యాక్టర్ పైలోరీ (హెచ్. పైలోరీ) అనే బ్యాక్టీరియా ఉందని తేలింది. నాకు ఇబ్బందులేమీ లేవు. అయితే మా నాన్నగారు 58వ ఏట జీర్ణాశయ క్యాన్సర్‌తో చనిపోయారు. అన్నయ్యకు కొన్నేళ్ల క్రితం చిన్నపేగు మొదట్లో అల్సర్ వచ్చి, మందులతో తగ్గింది. జపాన్‌లోని బ్యాక్టీరియా రకంలో ‘క్యాగ్‌ఎ’ అనే ప్రమాదకరమైన జన్యువు ఉంటుందని చదివి భయపడుతున్నాను. ఇక్కడికి వచ్చాకే ఇది నాకు సోకిందా? బ్యాక్టీరియాకు జన్యు పరీక్ష చేయించాలా? నా భార్యకు, 4 ఏళ్ల పాపకు కూడా పరీక్షలు అవసరమా?
– ఒక పాఠకుడు

జవాబు: ఈ బ్యాక్టీరియా మీకు జపాన్‌లో సోకి ఉండదు. చాలావరకు గుంటూరు జిల్లా నుంచే మీతోపాటు వచ్చి ఉంటుంది. హెచ్. పైలోరీ సాధారణంగా పసితనంలో, ఇంట్లోవాళ్ల ద్వారా, ముఖ్యంగా తల్లి నుంచి బిడ్డకు సోకుతుంది. చికిత్స చేయకపోతే జీవితాంతం కడుపులోనే ఉండిపోతుంది. పెద్దయ్యాక కొత్తగా సోకడం అరుదు. మనుషులు ఎక్కడికి వలస వెళ్లినా దీన్ని వెంట తీసుకెళ్లారు కాబట్టే, దీని జన్యువులను చూసి పూర్వకాలపు వలస మార్గాలను సైతం గుర్తించగలుగుతున్నారు. హైదరాబాద్‌లోని డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ శాస్త్రవేత్తలు 2007లో భారతీయుల కడుపులోని రకాలను పరిశీలించి, వాటి మూలాలు ఐరోపా రకాలతో కలుస్తున్నాయని తేల్చారు. జపాన్, కొరియా, చైనాల్లో ఉండే తూర్పు ఆసియా రకాలు వీటికి భిన్నమైనవి.

రకాన్ని బట్టి ప్రమాదం మారుతుందని మీరు చదివినదాంట్లో నిజం ఉంది. ఈ బ్యాక్టీరియా జన్యుక్రమాన్ని మొదట 1997లో పూర్తిగా చదివారు. రెండేళ్ల తర్వాత మరో రోగి నుంచి తీసిన రకాన్ని దానితో పోల్చి చూస్తే, ఒకదానిలో ఉన్న జన్యువుల్లో సుమారు 6–7 శాతం రెండోదానిలో లేవు. ఒకే జాతి బ్యాక్టీరియాలో ఇంత తేడా ఉందంటే, అది కలిగించే జబ్బుల్లోనూ తేడా ఉండటంలో ఆశ్చర్యం లేదు.

అన్నిటికన్నా ముఖ్యమైన తేడా మీరు చెప్పిన క్యాగ్‌ఎ దగ్గరే ఉంది. కొన్ని రకాల్లో ‘క్యాగ్ దీవి’ అనే జన్యువుల గుంపు ఉంటుంది. దాని సాయంతో బ్యాక్టీరియా సిరంజి లాంటి నిర్మాణాన్ని తయారుచేసుకుని, క్యాగ్‌ఎ ప్రొటీన్‌ను జీర్ణాశయం లోపలి పొర కణాల్లోకి నేరుగా ఎక్కిస్తుంది. కణంలోకి చేరాక ఆ ప్రొటీన్ ‘ఎస్‌హెచ్‌పీ2’ అనే ఎంజైమును పట్టుకుంటుంది. దాంతో కణం పెరుగుదలకు, ఆకృతికి సంబంధించిన సంకేతాలు గాడి తప్పుతాయి. తూర్పు ఆసియా రకాల్లోని క్యాగ్‌ఎ ఈ ఎంజైమును మరింత గట్టిగా పట్టుకుంటుంది. మన దేశంలో ఎక్కువగా కనిపించే పాశ్చాత్య తరహా క్యాగ్‌ఎకు అంత పట్టు ఉండదు. జపాన్‌లోనే దీనికి నిదర్శనం ఉంది. ఒకినావా దీవుల్లో తూర్పు ఆసియా రకాలతోపాటు పాశ్చాత్య తరహా క్యాగ్‌ఎ ఉన్నవి, అసలు క్యాగ్‌ఎ లేనివి కూడా కనిపిస్తాయి. జీర్ణాశయ క్యాన్సర్ మరణాలు ప్రధాన భూభాగంతో పోలిస్తే అక్కడ బాగా తక్కువ. కణాల్లో రంధ్రాలు చేసే ‘వ్యాక్‌ఎ’ అనే మరో విషపు ప్రొటీన్ కూడా ఉంది. దాని జన్యువు దాదాపు అన్ని రకాల్లోనూ ఉంటుంది కానీ, కొన్ని రూపాల్లో అది ఎక్కువ హాని చేస్తుంది.

ఇంత చెప్పి కూడా, క్యాగ్‌ఎ పరీక్షకు డబ్బు పెట్టవద్దనే మీకు సలహా ఇస్తాను. మన దేశంలో అల్సర్ ఉన్నవారిలోనూ, లేనివారిలోనూ దొరికే రకాల్లో అత్యధిక భాగం క్యాగ్‌ఎ ఉన్నవే. కాబట్టి ‘పాజిటివ్’ అని వస్తే మీ భయం పెరుగుతుంది తప్ప, ఎవరికి జబ్బు వస్తుందో దాన్నిబట్టి చెప్పలేం. ‘నెగటివ్’ వచ్చినా, మీ నాన్నగారి చరిత్ర ఉండగా బ్యాక్టీరియాను అలాగే వదిలేయమని ఏ వైద్యుడూ చెప్పడు. ఎలా చూసినా చేయాల్సిన పని ఒకటే, దాన్ని నిర్మూలించడం.

మీ ఇంటి సంగతే చూడండి. ఒకే ఇంట్లో తిరిగే బ్యాక్టీరియా చాలావరకు ఒకే రకం అయి ఉంటుంది. అయినా నాన్నగారికి క్యాన్సర్ వచ్చింది, అన్నయ్యకు అల్సర్ వచ్చింది, మీకు ఏమీ లేదు. నిజానికి చిన్నపేగు అల్సర్‌కు, జీర్ణాశయ క్యాన్సర్‌కు దారులు వేరు. బ్యాక్టీరియా జీర్ణాశయం కింది భాగాన్ని ఎక్కువగా వాపుకు గురిచేస్తే ఆమ్లం పెరిగి చిన్నపేగులో పుండు పడుతుంది. ఇలాంటివారిలో క్యాన్సర్ ప్రమాదం తక్కువే. వాపు పైభాగమంతా పరుచుకుని, ఏళ్ల తరబడి పొర పలచబడి, ఆమ్లం తగ్గిపోయినవారిలోనే క్యాన్సర్ భయం ఎక్కువ. ఎవరు ఏ దారిలో పడతారన్నది బ్యాక్టీరియా ఒక్కటే నిర్ణయించదు. మనిషి జన్యువులు, ఉప్పు వాడకం, పొగాకు, బ్యాక్టీరియా ఎన్నేళ్లుగా కడుపులో ఉందన్నది, అన్నీ లెక్కలోకి వస్తాయి.

మనిషి జన్యువుల పాత్ర ఎంతో జపాన్‌లోనే 2023లో వెలువడిన పెద్ద అధ్యయనం చూపించింది. డీఎన్‌ఏను మరమ్మతు చేసే బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 వంటి జన్యువుల్లో లోపం ఉండి, హెచ్. పైలోరీ కూడా ఉన్నవారికి 85 ఏళ్లు వచ్చేలోగా జీర్ణాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 45 శాతం. జన్యులోపం లేకుండా బ్యాక్టీరియా మాత్రమే ఉంటే అది సుమారు 14 శాతం. బ్యాక్టీరియా లేనివారిలో 5 శాతం లోపే. ఇవి జపాన్ ప్రజల అంకెలు. మన దేశంలో బ్యాక్టీరియా విస్తృతంగానే ఉన్నా ఈ క్యాన్సర్ జపాన్ కంటే చాలా తక్కువ కాబట్టి, వీటిని యథాతథంగా మీకు అన్వయించుకోవద్దు. జన్యులోపాన్ని మనం మార్చలేం, బ్యాక్టీరియాను మాత్రం తీసేయగలం. ఇవే జన్యులోపాలు రొమ్ము, అండాశయ క్యాన్సర్లకూ దారితీస్తాయి కాబట్టి, మీ కుటుంబంలో అవి కూడా ఉంటే ఆ విషయం మీ వైద్యులకు తప్పక చెప్పండి.

మీలాంటివారి మీదే కొరియాలో ఒక అధ్యయనం జరిగింది, ఫలితాలు 2020లో వచ్చాయి. తల్లిదండ్రులు, తోబుట్టువులు లేదా పిల్లల్లో ఒకరికి జీర్ణాశయ క్యాన్సర్ వచ్చి, తమకు హెచ్. పైలోరీ ఉన్న 1,676 మందిని అందులో పరిశీలించారు. నిర్మూలన మందులు వాడినవారిలో 1.2 శాతం మందికి, ఉత్తుత్తి మాత్రలు వాడినవారిలో 2.7 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. అంటే ముప్పు సగానికి పైగా తగ్గింది. మీకు 36 ఏళ్లే కావడం ఇంకా మంచిది. పొర పాడవకముందే చికిత్స చేస్తే మేలు ఎక్కువ.

ఇక మీరున్న చోటు మీకు అనుకూలమే. జపాన్‌లో 2013 నుంచి దీర్ఘకాలిక గ్యాస్ట్రైటిస్‌కు (జీర్ణాశయం లోపలి పొర వాపుకు) కూడా నిర్మూలన చికిత్సను బీమాలో చేర్చారు. అయితే ముందుగా ఎండోస్కోపీ చేయించుకోవాలి. దాన్ని తప్పించుకోవాలని చూడకండి, మీకు అన్నిటికన్నా అవసరమైన పరీక్ష అదే. పొర పలచబడిందా, పేగు పొరలా మారిందా అన్నది ఎండోస్కోపీ, బయాప్సీల్లో తెలుస్తుంది. అలాంటి మార్పులుంటే బ్యాక్టీరియా పోయాక కూడా వైద్యులు చెప్పిన వ్యవధుల్లో ఎండోస్కోపీ చేయించుకుంటూ ఉండాలి.

బ్యాక్టీరియా జన్యువుల్లో మీకు నిజంగా ఉపయోగపడే సమాచారం వేరే ఉంది. క్లారిథ్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ పనిచేయకుండా చేసే మార్పులు కొన్ని రకాల్లో ఉంటాయి. ఎండోస్కోపీలో తీసిన నమూనాతో వాటిని గుర్తించవచ్చు. ఈ పరీక్ష అందుబాటులో ఉందేమో మీ వైద్యుణ్ని అడగండి. దీని ఫలితాన్ని బట్టి మందులు మారతాయి. జపాన్‌లో మొదటి విడత చికిత్స 7 రోజులే, మన దేశంలో సాధారణంగా 14 రోజులు ఇస్తాం. అన్నయ్య చీటీలోని మందులు మీరు వాడవద్దు. పెన్సిలిన్ పడకపోతే ముందే చెప్పండి. కోర్సు మధ్యలో ఒక్క రోజు కూడా మానవద్దు, ఎందుకంటే సగంలో ఆపితే మిగిలిన బ్యాక్టీరియా మొండిదవుతుంది.

మందులు పూర్తయ్యాక కనీసం 4 వారాలు ఆగి, శ్వాస పరీక్షతో గానీ మల పరీక్షతో గానీ బ్యాక్టీరియా పోయిందో లేదో నిర్ధారించుకోవాలి. ఆ పరీక్షకు 2 వారాల ముందు నుంచి ఎసిడిటీ మాత్రలు ఆపాలి. లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేనట్లు ఫలితం రావచ్చు. చాలామంది ఈ నిర్ధారణ దగ్గరే నిర్లక్ష్యం చేస్తారు. ఏళ్ల తర్వాత పుండుతో తిరిగి వచ్చినవారిని చూస్తుంటాను కాబట్టి ఇంత నొక్కి చెబుతున్నాను. రక్తపరీక్ష మాత్రం దీనికి పనికిరాదు, యాంటీబాడీలు చాలాకాలం ఉండిపోతాయి.

మీ భార్యకు పరీక్ష చేయించండి, ఉంటే చికిత్స ఇప్పించండి. ఇబ్బందులేమీ లేని 4 ఏళ్ల పాపకు ఇప్పుడు పరీక్ష అవసరం లేదు. అయితే పెద్దవాళ్లు నమిలిన ముద్దను పాపకు పెట్టే అలవాటు ఉంటే మానేయండి. అమ్మగారికి, అన్నయ్యకు ఈరోజే ఫోను చేయండి. అమ్మగారికి పరీక్ష చేయించాలి. అన్నయ్యకు అల్సర్ తగ్గినప్పుడు బ్యాక్టీరియాకు కోర్సు ఇచ్చారా, పోయిందని నిర్ధారించారా అని అడగండి. ఒట్టి ఎసిడిటీ మాత్రలతో పుండు మాని ఉంటే, అది ఇంకా ఆయన కడుపులోనే ఉండవచ్చు. ఇంట్లో ఎవరికైనా కారణం లేకుండా బరువు తగ్గడం, మలం తారులా నల్లగా రావడం, రక్తపు వాంతి, మింగడంలో ఇబ్బంది కనిపిస్తే పరీక్ష తేదీ కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

– గ్యాస్ట్రోఎంటరాలజిస్ట్