బెర్బర్ కుండలు, నగలు: ప్రదర్శనకు ముందు

ప్రశ్న: అల్జీరియాలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు సెలవుకు వస్తూ అక్కడి కబీలియా ప్రాంతంలో బెర్బర్లు (ఉత్తరాఫ్రికా మూలవాసులు) చేసే మట్టి పాత్రలు, రంగుల ఎనామిల్ (గాజుపొడి కరిగించి అద్దే పూత) చేసిన వెండి నగలు కొన్ని తెచ్చాడు. చూసినవారందరూ ముచ్చటపడుతున్నారు. మరికొన్ని తెప్పించి, బీచ్ రోడ్డు దగ్గర హాలు తీసుకుని ప్రదర్శించి అమ్మాలనుకుంటున్నాను. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, లాసన్స్ బే కాలనీ, విశాఖపట్నం

జవాబు: అన్నింటినీ ‘బెర్బర్ కళ’ అన్న ఒకే బోర్డు కింద కలిపి పెట్టకండి. కబీలియా కుండలు ఆడవారు ఇళ్లలో సారె లేకుండా చేత్తోనే మలిచి, ఆవం కూడా లేకుండా ఆరుబయట మంటలో కాల్చేవి. ఎరుపు, తెలుపు మట్టి పూతల మీద నల్లని గీతలు దిద్ది, కాలిన వేడి తగ్గకముందే పైన్ చెట్టు బంక రుద్దడం వల్ల వాటికి ఆ పసుపు మెరుపు వస్తుంది. ట్యునీషియాలోని సెజ్నాన్ స్త్రీల కుండల పనిని యునెస్కో 2018లో తన వారసత్వ జాబితాలో చేర్చింది గాని, అది వేరే సంప్రదాయం. నగల్లోనూ అంతే: నీలం, ఆకుపచ్చ, పసుపు ఎనామిల్ మధ్య ఎర్ర పగడం పొదిగే పనికి కబీలియాలోని బెని యెన్ని పేరుపొందగా, మొరాకోలో వెండి పనికి తిజ్నిత్ పట్టణం ప్రసిద్ధి. ప్రతి వస్తువు పక్కన ఊరు, చేసిన పద్ధతి, వీలైతే చేసినవారి పేరు రాసిన చీటీ ఉంచితే మీరు చెప్పే ధరకు అర్థముంటుంది.

ఇక వెండి సంగతి. ఉత్తరాఫ్రికా బజార్లలో వెండి అని అమ్మేవాటిలో జర్మన్ సిల్వర్ (పేరుకే సిల్వర్, వెండి లేని మిశ్రమలోహం) చాలానే ఉంటుంది. తెచ్చిన ప్రతి నగనూ హాల్‌మార్కింగ్ కేంద్రంలో పరీక్షింపజేసి, తేలిన స్వచ్ఛతనే చీటీ మీద రాయండి. జర్మన్ సిల్వర్ అయితే ఆ మాటే రాసి అమ్మండి, పనితనం బాగుంటే కొనేవారు దానినీ కొంటారు. పగడం విషయంలో, మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రీఫ్ పగడాలకు (సముద్రంలో దిబ్బలు కట్టేవి) రక్షణ కల్పిస్తున్నందువల్ల, బిల్లులో ఉత్త ‘పగడం’ అని వదిలేయక, ఆ కోవకు చెందని మధ్యధరా ఎర్ర పగడమని జాతి పేరుతో సహా రాయించుకోండి.

అమ్మకపు సరుకును తమ్ముడి సూట్‌కేసులో తెప్పించడం కుదరదు. దానికి దిగుమతి కోడ్ (ఐఈసీ) తీసుకుని, సుంకం, జీఎస్టీ కట్టి విడిపించుకోవాలి. ప్రదర్శన వస్తువులకు ఏటీఏ కార్నే అనే తాత్కాలిక దిగుమతి పత్రం ఉంది గాని, దాని మీద వచ్చినవి తిరిగి వెళ్లవలసినవి కనుక మీకు సరిపోదు. వెండి నగల దిగుమతి నిబంధనలు తరచుగా మారుతుంటాయి. సరుకు అక్కడ బయలుదేరకముందే కస్టమ్స్ బ్రోకరును సంప్రదించండి.

బీచ్ రోడ్డు హాలంటే నాకు కొంచెం బెంగే. ఉప్పుగాలికి వెండి త్వరగా నల్లబడుతుంది, తక్కువ వేడిలో కాలిన కుండలు తేమ పీలుస్తాయి. అందుచేత నగలను మూసిన గాజు పెట్టెల్లో, సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. బంక పూసిన పాత్రలు అలంకరణకేనని, వాటిలో వేడి పులుసు పోయరాదని కొనేవారికి ముందే చెప్పండి. నగలతో ఇచ్చే కాగితంలో మరో మాట తప్పక ఉండాలి: మన ఇళ్లలో వెండిని చింతపండుతో తోమడం అలవాటు, ఆ పులుపు పగడాన్ని తినేస్తుంది, మెత్తని పొడిగుడ్డతో తుడిస్తే చాలు.