కప్‌బోర్డ్ తలుపు పడట్లేదని ఈ వానల్లో చిత్రిక పట్టించకండి

అమలాపురంలో మీ సింకు కింది కప్‌బోర్డ్ తలుపు ఈ ముసురు మొదలయ్యాక సరిగ్గా పడట్లేదని, కార్పెంటర్ అంచు చిత్రిక పడతానంటున్నాడని రాశారు. దయచేసి ఇప్పుడు పట్టించకండి.

మాది పాలకొల్లు వైపు. మా పాతింట్లో వంటింటి గూటికి టేకు తలుపులుండేవి. ఒక శ్రావణంలో అవి బిగుసుకుపోతే, పండగ ముందు అమ్మ ఇబ్బంది పడుతోందని మేస్త్రిని పిలిచి చిత్రిక పట్టించాను. శివరాత్రి వెళ్ళి ఎండలు ముదిరేసరికి రెండు రెక్కల మధ్య చిటికెనవేలు దూరేంత సందు వచ్చింది. పంచదార డబ్బా నిండా చీమలు. చెక్క తేమ పీల్చుకుంటే అడ్డంగా ఉబ్బుతుంది, పొడుగున దాదాపు కదలదు. ఎండ రాగానే మళ్ళీ కుదించుకుంటుంది. మన వైపు జూన్ నుంచి నవంబరు దాకా గాలిలో చెమ్మ తగ్గదు కాబట్టి, అంతవరకూ రాసుకునే చోట ఉప్పుకాగితంతో కాస్త రుద్ది, కొవ్వొత్తి మైనం పూస్తే చాలు. ఎక్కడ రాసుకుంటోందో తెలియకపోతే ఫ్రేముకి సుద్దముక్క పూసి తలుపు వేసి తీయండి, తగిలినచోట సుద్ద అంటుకుంటుంది.

ఇదంతా అసలు చెక్క సంగతి. మీది మాడ్యులర్ కిచెన్ అన్నారు కనుక తప్పు తలుపులో కాకుండా బందుల్లో ఉండొచ్చు. కొత్తింట్లో మాకు అచ్చం ఇలాగే అయింది. పీట వేసుకుని కూర్చుని టార్చి కొట్టి చూశాను. తలుపు లోపలివైపు 35 మిల్లీమీటర్ల గుండ్రటి గుంటలో బందు కప్పు కూర్చుని ఉంటుంది కదా, పై బందు కప్పు ఓ పక్కకి లేచి ఉంది. దాని స్క్రూ వేలితోనే ఊడొచ్చింది, వెంట తడి రంపపు పొట్టు రాలింది. తలెత్తి చూస్తే సింకు పైపు నట్టు దగ్గర తెల్లటి చార. బియ్యం కడిగి పోసినప్పుడల్లా బొట్టు బొట్టుగా కారి ఎండిన కడుగు అది. తలుపుని పాడుచేసింది ఆ బొట్టే.

ముందు నట్టు బిగించి, వాషరు మార్పించాను. స్క్రూ తీసేసి కంతని రెండు రోజులు ఆరనిచ్చాను. తర్వాత తలలు తుంచిన అగ్గిపుల్లలు వాటర్‌ప్రూఫ్ ఫెవికాల్‌లో ముంచి కంత నిండా కూరి, ఒక రోజు వదిలేసి, పైకి వచ్చినవి కోసేసి స్క్రూ చేత్తోనే బిగించాను. కొందరు ఈనెపుల్లలు కూరతారు గానీ అవి నున్నగా ఉంటాయి, జిగురు పట్టదు. డ్రిల్లు మెషీన్‌తో బిగిస్తే కంత మళ్ళీ అరిగిపోతుంది.

స్క్రూలన్నీ గట్టిగా ఉండి తలుపు మాత్రం వంకరగా ఉంటే, బందు చేతి మీద, అంటే కప్పు నుంచి పెట్టె గోడ దాకా వచ్చే ఇనుప పట్టీ మీద, రెండు స్క్రూలు కనిపిస్తాయి. తలుపుకి దగ్గరగా ఉన్నది తలుపుని ఎడమకీ కుడికీ జరుపుతుంది, వెనకది ముందుకీ వెనక్కీ. పైకీ కిందకీ జరపాలంటే పెట్టె గోడకున్న ప్లేటు స్క్రూలు వదులు చేయాలి. సగం తిప్పు తిప్పడం, తలుపు వేసి చూడటం, అంతే. లోపల గిన్నె అడ్డం వస్తోందేమో అదీ ఓసారి చూసుకోండి. బందులు తుప్పు పట్టి ఉంటే 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి. అంతర్వేది, నరసాపురం లాంటి సముద్రగాలి ఊళ్ళలో మామూలువి తొందరగా పోతాయి.

ఒక్కదానికి మాత్రం మందు లేదు. తలుపు అడుగు అంచు నానిన రొట్టెలా లావెక్కి, పై షీటు లేచిందంటే అది చెక్కపొట్టుని జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు, లేదా చెక్క పీచుతో అలాగే చేసిన ఎండీఎఫ్. ఎండినా మళ్ళీ మామూలుగా అవదు. అప్పుడు ఆ ఒక్క తలుపే మార్పించండి, కిచెన్ మొత్తం అక్కర్లేదు. ప్లైవుడ్ కొంటే షీటు మీద నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌కి వేసే ఐఎస్ 710 ముద్ర చూసి తీసుకోండి, నాలుగంచులకీ బ్యాండింగ్ (అంచుని మూసే పట్టీ) వేయించండి.

ఈ రాత్రికి పైపు నట్టు పొడిగుడ్డతో తుడిచి, దాని కింద న్యూస్‌పేపర్ పరచి పడుకోండి. తెల్లారి కాగితం మీద మరక ఉంటే, కార్పెంటర్ కంటే ముందు ప్లంబర్‌ని పిలవండి.